స్థూలకాయముపై బాంటింగు లేఖ: ఒక పరిశీలన

శరీరపు బరువును తగ్గించు మార్గములను బోధించు పుస్తకములకు నేడు కొఱత లేదు. ఒకటి అన్నము మానుమనును. ఇంకొకటి నూనె మానుమనును. వేఱొకటి పండ్ల రసములతోనే పది దినములు గడుపుమనును. పేర్లు వేఱైనను వీని నడక ఒక్కటే. గ్రంథకర్త ముందుగా తాను పడిన పాట్లు చెప్పుకొనును. పిమ్మట ఎవరికిని తెలియని రహస్యము తనకు దొరికిన విధమును వివరించును. ఒకే ఒక ఆహార పదార్థమును దోషిగా నిలువబెట్టును. తుదకు తాను ఎంత బరువు తగ్గెనో చెప్పి, పాఠకులందఱును అట్లే చేయవలెనని ప్రబోధించును.

ఈ నడకకు మూలపురుషుడనదగిన వాడొకడు కలడు. ఆయన పేరు విలియం బాంటింగు. 1863లో లండను నగరమున ఆయన ప్రకటించిన “స్థూలకాయమును గూర్చి ప్రజలకు లేఖ” అను చిన్న పుస్తకము, ఈ జాతి రచనలలో మొట్టమొదట విశేష ప్రచారము పొందిన వానిలో ఒకటి. నూట అఱువది యేండ్లు గడచిన పిదప దానిని మరల పరిశీలించుట వ్యర్థము కాదు. అందులో సత్యమెంత, పొరపాటెంత అని విడదీయ నేర్చిన విద్యార్థి నేటి పుస్తకములను కూడ అట్లే విడదీయగలడు.

గ్రంథకర్త, గ్రంథము

బాంటింగు వైద్యుడు కాడు, శాస్త్రజ్ఞుడును కాడు. అంత్యక్రియలను లాంఛనముగా జరిపించు వృత్తిలో పేరు పొందిన సంపన్నుడు. ఇంగ్లండు రాజకుటుంబమువారు కూడ ఆయన సంస్థకే ఆ పనులను అప్పగించుచుండిరి. 1862 నాటికి ఆయన వయస్సు 66 ఏండ్లు. ఎత్తు 5 అడుగుల 5 అంగుళములు. బరువు 202 పౌనులు, అనగా సుమారు 92 కిలోగ్రాములు. తన బూట్ల ముడిని తాను వేసికొనలేకుండెను. మోకాళ్ళపై భారము పడకుండుటకై మేడమెట్లను వెనుకకు నడచుచు దిగవలసి వచ్చెడిది. వీథిలో జనులు తనను చూచి పరిహసించుట ఆయనకు మిక్కిలి బాధ కలిగించెను.

బరువు తగ్గుటకు ఆయన చేయని ప్రయత్నము లేదు. నదిలో పడవ నడపెను; గుఱ్ఱపుస్వారి చేసెను; ఆవిరి స్నానములు చేసెను; ఖనిజ జలములకు ప్రసిద్ధి చెందిన ఊళ్ళకు పోయి ఆ నీరు త్రాగెను; మందులు మ్రింగెను. పడవ నడపుటవలన కండబలము పెరిగినది గాని, దానితోపాటు ఆకలియు పెరిగినది. ఆకలి తీర్చుకొనగా బరువును పెరిగినది.

తుదకు వినికిడి మందగించుటచే విలియం హార్వే అను చెవి వైద్యుని చూడబోయెను. ఆయన ఒక ఆహార నియమమును విధించెను. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానవలెను. ఉదయము, మధ్యాహ్నము, రాత్రి మితమైన తూకములో మాంసమో, చేపలో తినవలెను. కాయగూరలు, కొలది పండ్లు, ఒక్కొక్క ఔన్సు ఎండు రొట్టె తీసికొనవచ్చును. పాలు, చక్కెర లేని తేనీరు త్రాగవచ్చును. వీనితోపాటు కొన్ని గ్లాసుల ద్రాక్షసారాయము, కావలసినచో పడుకొనబోవు ముందు మఱికొంత మద్యము కూడ ఆ పట్టికలో చోటు చేసికొన్నవి!

సుమారు ఒక సంవత్సరములో బాంటింగు బరువు 202 నుండి 156 పౌనులకు దిగినది. నడుము కొలత 12 అంగుళములకు పైగా తగ్గినది. మెట్లు మామూలుగా దిగగలిగెను; వంగి బూట్ల ముడి వేసికొనగలిగెను. ఆ సంతోషమున లేఖ వ్రాసి, మొదటి ముద్రణపు ప్రతులను ఉచితముగా పంచి పెట్టెను. తరువాతి ముద్రణలు వేలాదిగా అమ్ముడుపోయినవి. ఆయన ఇంటిపేరే బరువు తగ్గుటకు ఇంగ్లీషులో క్రియాపదమైనది. స్వీడిషు భాషలో నేటికిని ఆహార నియమముతో బరువు తగ్గుటను “బాంటా” అనియే అందురు.

లేఖలోని సుగుణములు

విమర్శకుడు మొదట ఒప్పుకొనవలసినవి కొన్ని కలవు. బాంటింగు ఏ మందును అమ్మలేదు, ఏ పొడిని ప్రచారము చేయలేదు. పుస్తకముపై వచ్చిన లాభమును ధర్మకార్యములకు వినియోగించెను. కీర్తిని తాను దాచుకొనక వైద్యునకే ఒసంగెను. తన విఫల ప్రయత్నములను మఱుగుపఱచలేదు.

అన్నిటికంటె మిన్న, ఆయన తన బరువుల పట్టికను తేదీలతో సహా అచ్చు వేయించెను. ఇది శాస్త్రీయమైన అలవాటు. సుమారు మూడు వారముల కొకసారి ఆయన తూగెను. తగ్గినది ఒక్కొక్క పర్యాయమున రెండు, మూడు, ఎక్కువైనచో నాలుగు పౌనులు. మొత్తము 46 పౌనులు, అనగా సుమారు 21 కిలోగ్రాములు. సంవత్సరమునకు 52 వారములు గనుక వారమునకు సగటున తగ్గినది 400 గ్రాములు మాత్రమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తన ఆహార మార్గదర్శక సూత్రములలో వారమునకు అర కిలోగ్రాము తగ్గుట క్షేమకరమని చెప్పుచున్నది. బాంటింగు తగ్గిన వేగము ఈ హద్దుకు లోబడియే ఉన్నది. “పది దినములలో పది కిలోలు” అను నేటి ప్రకటనలకును ఈ పట్టికకును గల అంతరము పరిశీలింపదగినది. ఆయన విజయములో మొదటి రహస్యము రొట్టె మానుట కాదు, ఓపిక.

మఱియొక విశేషము కలదు. కిలోగ్రాములలోని బరువును మీటరులలోని ఎత్తు యొక్క వర్గముచే భాగించగా వచ్చు అంకెను శరీర ద్రవ్యరాశి సూచిక యందురు. బాంటింగు సూచిక మొదట 33.6, చివరకు 26. యూరపువారి కొలతలో 25కు లోపున ఉన్నదే మామూలు బరువు. అనగా అంత విజయము తరువాతను ఆయన “ఆదర్శ” బరువును చేరలేదు. అయినను ఆయన కష్టములు తీరినవి. స్థూలకాయులు తమ బరువులో నూటికి 5 నుండి 10 వంతులు తగ్గించుకొనినను రక్తపుపోటు, రక్తములోని చక్కెర మెఱుగుపడునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. సన్నని నడుము లక్ష్యము కాదు; సుఖముగా నడచుట, పని చేసికొనుట లక్ష్యము.

ఒకే దోషి అను పొరపాటు

ఇక లోపములు. హార్వే వైద్యుడు పారిసులో క్లాడ్ బెర్నార్డు ఉపన్యాసములను విన్నవాడు. కాలేయము చక్కెరను తయారు చేయుననియు, దానిని గ్లైకోజెన్ రూపమున నిలువ చేయుననియు కనుగొన్న మహాశాస్త్రజ్ఞుడు బెర్నార్డు. మధుమేహ రోగులకు చక్కెర, పిండి పదార్థములు తగ్గించుట మేలు చేయుచున్నదని విని, స్థూలకాయులకును అదే మేలు చేయవచ్చునని హార్వే ఊహించెను. ఊహ మంచిదే. కాని ఊహ ఫలించినట్లు కనబడినంత మాత్రమున దాని వెనుకనున్న కారణము ఋజువు కాదు.

బాంటింగు తన పూర్వపు భోజనమును కూడ వర్ణించెను. ఉదయము పాలు, చక్కెర దండిగా పోసిన తేనీరు, వెన్న పూసిన రొట్టె. మధ్యాహ్నము మాంసము, బీరు, చాల రొట్టె, తీపి పిండివంటలు. రాత్రికి మరల పండ్లు పెట్టిన తీపి రొట్టె. క్రొత్త నియమములో వీనిలో అనేకము ఒక్కమారుగా పోయినవి. పోయినవానిలో పిండి పదార్థములే కాక వెన్నలోని క్రొవ్వు, బీరులోని మద్యసారము కూడ ఉన్నవి. తినుటకు అనుమతించిన ప్రతి వస్తువునకు తూకము ఏర్పడినది. ఇన్ని మార్పులు ఒక్కసారి జరిగినప్పుడు ఫలితమును ఏ ఒక్కదానికి ఆపాదింపగలము? ప్రయోగశాలలో ఒక విద్యార్థి ఉష్ణోగ్రతను, పీడనమును, ద్రావణపు గాఢతను ఒక్కసారిగా మార్చి, మార్పు ఉష్ణోగ్రతవలననే కలిగినదని వ్రాసినచో ఉపాధ్యాయుడు ఒప్పుకొనడు.

లెక్క వేసి చూచినచో విషయము తేటపడును. ఒక గ్రాము పిండి పదార్థమునుండి, మాంసకృత్తులనుండి సుమారు 4 కేలరీలు, క్రొవ్వునుండి 9, మద్యసారమునుండి 7 కేలరీలు లభించును. శరీరములో ఒక కిలోగ్రాము క్రొవ్వు కణజాలము కరుగుటకు సుమారు 7,700 కేలరీల లోటు కావలెను. 21 కిలోగ్రాములకు సుమారు 1,61,000 కేలరీలు. దీనిని 365 దినములకు పంచగా దినమునకు 440 వచ్చును. కరిగినదంతయు క్రొవ్వే కాదు గనుక ఇది స్థూలమైన లెక్క. అయినను బీరు, చక్కెర, వెన్న పూసిన రొట్టె, తీపి వంటలు మానిన మనిషికి దినమునకు 440 కేలరీలు తగ్గుట ఏమంత ఆశ్చర్యము? ఆయన క్రొత్త భోజనమును స్థూలముగా లెక్కించినచో 1,500 నుండి 1,800 కేలరీల నడుమ తేలును. రహస్యమేదియు మిగులదు.

పిండి పదార్థములే స్థూలకాయమునకు ఏకైక కారణమనువారికి ఇంకొక సాక్ష్యము చూపవలెను. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, యుద్ధానంతరము క్షుద్బాధితులకు ఎట్లు ఆహారమీయవలెనో తెలిసికొనుటకై 36 మంది ఆరోగ్యవంతులైన యువకులపై వారి అంగీకారముతో ప్రయోగము చేసెను. వారి ఆహారమును 24 వారములపాటు మునుపటిలో సుమారు సగమునకు తగ్గించిరి. తినుటకు ఇచ్చినవి ముఖ్యముగా రొట్టె, బంగాళాదుంపలు, దుంపకూరలు. అనగా బాంటింగు నిషేధించిన వస్తువులే! వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గిపోయినది.

అయితే ఆ ప్రయోగము ఇంకొక హెచ్చరికను కూడ చేసినది. ఆ యువకులు చిరాకుపడసాగిరి, చలికి తట్టుకొనలేకపోయిరి, పనిపై మనస్సు నిలువదయ్యెను. వంటల పుస్తకములు చదువుచు, రాత్రింబవళ్ళు తిండినిగూర్చియే ఆలోచించుచుండిరి. విశ్రాంతిలో శరీరము ఖర్చు చేయు శక్తియు బాగుగా తగ్గిపోయినది. 1950లో రెండు సంపుటములుగా వెలువడిన ఈ పరిశోధనను చదివినవారు, తీవ్రమైన ఉపవాస పద్ధతులు ఎందుకు నిలువవో గ్రహింపగలరు. “లంఖణం పరమౌషధం” అను మాటను బరువు తగ్గుటకు అన్వయించుట క్షేమము కాదు. ఆకలి మనోబలము లేకపోవుటచే కలుగునది కాదు, అది శరీరము తన్ను తాను కాపాడుకొను విధానము.

ఒక్క సాక్షి చాలునా?

బాంటింగు లేఖలోని రెండవ లోపము, సాక్షి ఒక్కడే అగుట. ఒక మనిషికి గుణమిచ్చినది అందఱికిని ఇచ్చునని చెప్పుటకు వీలు లేదు. పాటించి ఫలితము పొందనివారు పుస్తకములు వ్రాయరు గనుక వారి సంగతి లోకమునకు తెలియదు. ఈ దోషమును తొలగించుటకే శాస్త్రజ్ఞులు అనేకులను రెండు బృందములుగా, ఎవరి ఇష్టముతోను నిమిత్తము లేకుండ విభజించి పోల్చి చూతురు.

2018లో ప్రకటింపబడిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధన అట్టిది. క్రిస్టఫర్ గార్డ్‌నర్, ఆయన సహచరులు 609 మంది అధికభారము గలవారిని తీసికొని, కొందఱకు క్రొవ్వు తగ్గించిన ఆహారమును, మిగిలినవారికి పిండి పదార్థములు తగ్గించిన ఆహారమును నిర్ణయించిరి. చక్కెర, మైదా తగ్గించి కాయగూరలు విరివిగా తినవలెనని ఇరువురికిని చెప్పిరి. సంవత్సరము గడచు సరికి మొదటి బృందము సగటున 5.3 కిలోగ్రాములు, రెండవ బృందము 6 కిలోగ్రాములు తగ్గెను. గణితశాస్త్ర రీత్యా ఈ భేదము లెక్కింపదగినది కాదు. కాని ప్రతి బృందములోను బాగుగా తగ్గినవారు, ఏ మాత్రము తగ్గనివారు, పెరిగినవారు కూడ ఉండిరి. ఎవరికి ఏ ఆహారము సరిపడునో వారి జన్యువులను చూచి ముందుగా చెప్పుట కూడ సాధ్యము కాలేదు. కావున తాను చిరకాలము సంతోషముగా పాటింపగల పద్ధతియే ఎవరికైనను మేలైనదని తేలుచున్నది.

తొలి వారపు మాయ

మఱి పిండి పదార్థములను పూర్తిగా మానినవారు మొదటి వారములోనే రెండు కిలోలు తగ్గితిమని చెప్పుట అబద్ధమా? కాదు. అది నిజమే కాని, దాని అర్థము వేఱు. కాలేయములోను, కండరములలోను కలిసి సుమారు 400 నుండి 500 గ్రాముల గ్లైకోజెన్ నిలువ యుండును. ప్రతి గ్రాముతోపాటు సుమారు 3 గ్రాముల నీరు చేరియుండును. పిండి పదార్థములు అందనప్పుడు శరీరము ఈ నిలువను వాడుకొనగా, దానితో కూడిన నీరు బయటికి పోవును. త్రాసులో కనబడు తగ్గుదలలో అధికభాగము ఈ నీరే. మామూలు భోజనము మొదలిడగానే ఆ నీరు మరల చేరును. మానవుడు “ఎంత పాటించినను బరువు తిరిగి వచ్చినది” అని నిరుత్సాహపడి ఇంకొక పుస్తకమును కొనును. పుస్తకముల వ్యాపారమునకు ఇదియే పెట్టుబడి.

ఇంకొక వింతయు కలదు. బాంటింగు వెన్నను, పందిమాంసమును నిషేధించెను. ఆయన వారసులమని చెప్పుకొనువారిలో కొందఱు నేడు వెన్నను, నేతిని విరివిగా తినుమనుచున్నారు. 2017, 2018 సంవత్సరముల ప్రాంతమున తెలుగునాట అన్నము పూర్తిగా మాని నూనె, నెయ్యి త్రాగు పద్ధతి యొకటి సభలద్వారా ఊరూర ప్రచారము పొందినది. మధుమేహమునకు మందులు వాడుచున్నవారు వైద్యుని సలహా లేక అట్టి నియమములను ఆరంభించినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. మూత్రపిండముల వ్యాధి గలవారికి, గర్భిణులకు ఇవి మఱింత హానికరములు.

మన పళ్ళెములో

ఇంతమాత్రమున మన భోజనములో దోషము లేదని అర్థము కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో అధికభారము గలవారు దేశమున నూటికి 24 మంది, ఆంధ్రప్రదేశమున 36 మంది, తెలంగాణమున 30 మంది. అదే సర్వేలో దేశమున నూటికి సుమారు 19 మంది స్త్రీలు ఉండవలసినదానికంటె తక్కువ బరువున్నారు. ఒకే వీథిలో స్థూలకాయమును, బక్కతనమును ఇరుగుపొరుగున ఉన్నవి. చరకసంహిత కూడ అతిస్థూలుని, అతికృశుని ఇద్దఱిని ఒకే వర్గములో చేర్చి చర్చించినది. అందఱికిని “తిండి తగ్గింపుము” అను ఒకే బోధ చేయు పుస్తకము ఇట్టి దేశమున మేలు కంటె కీడే ఎక్కువ చేయును.

మన దేశీయులకు తక్కువ బరువుననే మధుమేహము, హృద్రోగము కలుగుచున్నందున వైద్యులు సూచిక 23 దాటినచో జాగ్రత్తపడవలెననియు, 25 దాటినచో స్థూలకాయముగా ఎంచవలెననియు నిర్ణయించిరి. పొట్టచుట్టు చేరు క్రొవ్వు మఱింత హానికరము. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూత్రములలో ఏ పదార్థమునకును బహిష్కారము లేదు. పాళ్ళలో మార్పు మాత్రము కలదు. దినమునకు 2,000 కేలరీల ఆహారములో బియ్యము, గోధుమ, చిరుధాన్యములు కలిసి సుమారు 250 గ్రాములు చాలును. కాయగూరలు 400 గ్రాములు ఉండవలెను. పప్పులు, పాలు, పండ్లు, గింజలు తగు పాళ్ళలో చేరవలెను. మూడు పూటల తెల్లని అన్నపు రాశిపై కొంచెము పచ్చడి, కొంచెము పులుసు పోసికొను అలవాటును తలక్రిందులు చేసినచో చాలును. అన్నము పళ్ళెమునుండి పోనక్కరలేదు. తన చోటును కూరకు, పప్పునకు కొంత విడిచి పెట్టవలెను.

చిన్న మార్పులు చిన్నవిగానే ఉండవు. ఒక చెంచా చక్కెర 5 గ్రాములు, 20 కేలరీలు. దినమునకు మూడు గిన్నెల తేనీటిలో రెండేసి చెంచాలు వేసికొనువారు 120 కేలరీలు త్రాగుచున్నారు. నడక, తోటపని, ఆటలు కేవలము కేలరీల కొఱకే కాదు. బరువు తగ్గునప్పుడు కండ కరగిపోకుండ కాపాడుటకు, తగ్గిన బరువు తిరిగి రాకుండ నిలుపుటకు అవి ముఖ్యముగా తోడ్పడును. కంటినిండ నిద్రయు అవసరమే. నిద్ర చాలనివారికి ఆకలి హెచ్చగునని పరిశోధనలు తెలుపుచున్నవి.

పాఠశాలకు ఒక మాట

పైని చెప్పిన 23, 25 అను అంకెలు పెద్దలకు మాత్రమే. పెరుగుచున్న బాలబాలికలకు వయస్సును, లింగమును బట్టి తయారు చేసిన పెరుగుదల పట్టికలు వేఱుగా కలవు. పదునాలుగేండ్ల బాలిక చలనచిత్రములోని నటిని చూచి ఉదయపు ఫలాహారము మానివేసినచో, తగ్గునది క్రొవ్వు మాత్రమే కాదు. ఎముకల బలము, రక్తము, చదువుపై శ్రద్ధ కూడ తగ్గును. తరగతిలో లావుగా ఉన్న బాలుని పరిహసించినచో అతడు సన్నబడడు. ఆటస్థలమునకు వచ్చుట మానివేయును. వీథిలోని పరిహాసము బాంటింగును ఎంత బాధించెనో ఆయనయే వ్రాసియుంచెను. ఉపాధ్యాయుడు మొట్టమొదట ఆపవలసినది ఆ పరిహాసమునే.

బాంటింగు 1878లో తన 81వ యేట మరణించెను. ఆయన నిజాయితీపరుడు. తాను చూచినదానిని చూచినట్లు వ్రాసెను. కాని చూచినదానికి కారణమును సరిగా గుర్తింపలేకపోయెను. ఆయన రొట్టె మానుటను లోకము అనుకరించినది; ఆయన ఓపికను, తూకమును, పట్టికను మఱచినది. అనుకరింపవలసినవి ఈ మూడే. బరువు తగ్గించు క్రొత్త పుస్తకము చేతికి వచ్చినప్పుడు విద్యార్థి నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను: సాక్షులెందఱు? ఒక్కసారి ఎన్ని మార్చిరి? ఎంతకాలము చూచిరి? చెప్పువాడు దేనినైనను అమ్ముచున్నాడా? ఈ ప్రశ్నలకు నిలువలేని పుస్తకమును ఎంత గొప్పవారు మెచ్చుకొనినను పక్కన పెట్టవచ్చును.